తెల్లబోయిన నీళ్లు

"పటిక ముక్కొకటి పట్రావయ్యా" అన్నాడు డిటెక్టివ్, మూసిన తలుపు సందులోకి మూతి పెట్టి.

అవతల కాపలా ఉన్న కానిస్టేబుల్ "అలాగే బావగారూ" అని బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లాడు. పది నిమిషాల తర్వాత తలుపు కింది సందులోంచి ఒక కాగితం లోపలికి జారింది. నీటి శుద్ధి కేంద్రంలో ఈ వారం ఎవరికి ఏ డ్యూటీయో గళ్లు గీసి రాసిన కాగితం.

"ఇదేంటి?"

"పట్టిక అడిగారు కదండీ. గోడకి అంటించుంటే చిరక్కుండా ఊడదీసేసరికి తాతలు దిగొచ్చారు."

"నేనడిగింది నీళ్లలో వేసేది!"

"నీళ్లలో వేస్తే నానిపోతుందండీ."

"పట్టిక కాదు నాయనా, పటిక! మధ్యలో ఒత్తు పీకి పారెయ్. తెల్లగా రాయిలా ఉంటుంది. ఇక్కడ గోడౌన్ నిండా బస్తాల కొద్దీ ఉంది."

బూట్ల చప్పుడు మళ్లీ దూరమైంది. డిటెక్టివ్ తలుపుకి వీపు ఆనించి గోడ గడియారం చూశాడు. మూడూ ఐదు. నాలుగింటికి జీపు వస్తుంది. ఆ జీపులో తన అక్క కూతురు ఎక్కుతుంది. ఒక్కసారి ఎక్కిందంటే దిగడం మన చేతుల్లో ఉండదు.

సంగతి ఇది. పొద్దున పదకొండూ పదికి ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే, సూపరింటెండెంట్ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. అంతకుముందు పటిక ముంచిన నీళ్లేవో తాగాడట. ప్రాణం ఉంది. కానీ కాళ్లూ చేతులూ నాలుకా ఏవీ ఆయన మాట వినడంలేదు. ఆస్పత్రి నుంచి డాక్టర్ ఫోన్లో చెప్పిన ముక్క ఒక్కటే: బేరియం. బేరియం క్లోరైడ్ సీసా ఎక్కడుంటుంది? వరండా అవతల ల్యాబులో, కెమిస్టు బీరువాలో. ఇవాళ చూస్తే సీసా సగం ఖాళీ. ఆ కెమిస్టు ఇదిగో, మూల స్టూలు మీద, నీళ్లు పోసినా కదలని బొమ్మలా కూర్చుని ఉంది. అదే ఆ మేనకోడలు.

"మావయ్యా, నిన్ను కూడా లోపలేసి తాళం వేశారేంటి?" అంది చిన్నగా.

"నేనంటే అంత అభిమానం వాడికి. వదిలి ఉండలేడు."

వాడంటే సర్కిల్ ఇన్‌స్పెక్టర్, డిటెక్టివ్ భార్యకి స్వయానా తమ్ముడు. ఇన్‌స్పెక్టర్ 'బావా' అంటాడు కాబట్టి స్టేషన్ మొత్తం డిటెక్టివ్‌ని 'బావగారు' అంటుంది. పిలుపులో ఉన్న తీపి పనిలో ఉండదు. పదేళ్లుగా ఇద్దరూ ఒకే కేసు రెండు కొసలు పట్టుకుని లాక్కుంటూనే ఉన్నారు.

తాళం తిరిగింది. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి, మళ్లీ లోపల్నుంచి తాళం వేసి, చెవి ప్యాంటు జేబులో వేసుకుని పైన తట్టాడు.

"ఏం బావా, ఇంకా ఆశకి నీళ్లొదులుకోలేదా?"

"నీళ్ల ఆఫీసు కదోయ్, ఇక్కడ ఒక్క చుక్క వదిలినా లెటర్ రాయాలి. ముందు ఫ్యాన్ వెయ్యి, ఉడికిపోతున్నాం."

"వెయ్యను. కాగితాలు ఎగిరితే సాక్ష్యం చెదిరిపోతుంది. కిటికీలూ తెరవను."

ఊచల కిటికీలు రెండూ బిడాయించి ఉన్నాయి. గది చిన్నది, మనుషులు ఎక్కువ. గోడవారగా ఇంకో ఇద్దరు. ఒకరు ఫిల్టర్ ఆపరేటర్, ఆరడుగుల మనిషి, భయంతో నాలుగడుగులకి కుదించుకుపోయాడు. రెండోవాడు స్టోర్ కీపర్, ఇరవై ఏళ్ల సర్వీసు. ఈ ఆవరణలో ఉన్న ప్రతి తాళానికీ మారు చెవి ఆయన నడుముకే వేలాడుతుంటుంది. కదిలితే చాలు, సైకిళ్లు బారులు తీరి వస్తున్నట్టు గలగలలు.

ఆ గలగలలు ఇప్పుడు లేచాయి. "సార్, ఒక్క నిమిషం బాత్రూంకి..." అన్నాడు స్టోర్ కీపర్.

"మూడోసారి!" అన్నాడు డిటెక్టివ్. "మీ లోపల కూడా ఒక పంపు హౌస్ ఉన్నట్టుందే."

గదికి ఆనుకునే ఉన్న బాత్రూంలో కుళాయి తిప్పిన చప్పుడు, ఆపిన చప్పుడు. స్టోర్ కీపర్ మీసాలు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. చొక్కా ముందరంతా తడి. డిటెక్టివ్ ఆ తడి వంక చూశాడు. తర్వాత ఆయన మోచేతి పక్కనే బల్ల మీద ఉన్న పెద్ద గాజు జాడీ వంక చూశాడు. ఇరవై లీటర్ల జాడీ, కింద చిన్న కుళాయి, ముక్కాలు వంతు నీళ్లు. అద్దంలా ఉన్నాయి.

"విను బావా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వేళ్లు మడుస్తూ. "పదీ పావుకి నీ మేనకోడలు ల్యాబులో తన చేత్తో సూపరింటెండెంట్‌కి కాఫీ కలిపిచ్చింది. పదిన్నరకి ఆయన ఈ గదికొచ్చి గ్లాసు నీళ్లు పట్టుకున్నాడు, పావు తక్కువ పదకొండుకి తాగాడు. గ్లాసులో మిగిలిన నీళ్లు ఆస్పత్రిలోనే పరీక్ష చేయించాను. బేరియం ఆనవాలు కూడా లేదు. నీళ్లలో లేకపోతే ఇంకెక్కడుంది? కాఫీలో! కప్పేమో కడిగేసి బోర్లించింది. పైగా రెండ్రోజుల క్రితం ఆయనతో గొడవపడింది, అరుపులు వరండా దాకా వినిపించాయి. కేసు తేలిపోయింది."

"తేలేవన్నీ నిజాలు కావు బావమరిదీ. బరువైన నిజం అడుక్కి దిగుతుంది. అడుగు చూడాలంటే అడగాలి. అడగనీ."

"నాలుగు దాకా అడుక్కో. ఈలోపు అక్కకి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకో. 'నీ తమ్ముడు నా మేనకోడల్ని పట్టుకెళ్లాడు' అని చెప్పడం మర్యాదగా ఉండదు."

మేనకోడలు ముఖం తిప్పుకుంది. డిటెక్టివ్ జోకు వెతుక్కున్నాడు. దొరకలేదు. అదీ ఆయనకి భయం వేసిన గుర్తు.

ఫిల్టర్ ఆపరేటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పదిన్నరకి ఇక్కడేం చేస్తున్నావు?"

"రీడింగులు ఇవ్వడానికి వచ్చానండీ. రోజూ ఆ టైముకే వస్తాను. అప్పుడే సార్ పటిక ముచ్చట."

"ఏంటా ముచ్చట?"

"జాడీలో ఉండేది మన ఫిల్టర్ నీళ్లేనండీ. సాయంత్రం నేనే నింపి వెళ్తాను. పొద్దున సార్ ఒక గ్లాసు పట్టి, పటిక ముక్క ముంచి రెండు తిప్పులు తిప్పి, కిటికీకి ఎత్తి పట్టి చూస్తారు. మట్టి ఉంటే పటిక పట్టేస్తుంది కదా. ఏమీ కనబడకపోతే 'చూశారా, నా నీళ్లలో పటికకి పనే లేదు' అని నవ్వి తాగేస్తారు. పదేళ్లుగా అంతే."

"ఇవాళ?"

"ఇవాళ ముక్క అలా తగిలిందో లేదో, గ్లాసు పాలయిందండీ."

"ఎంతసేపటికి?"

"సేపేంటండీ! తగిలింది, పాలయింది. మధ్యలో సేపు లేదు. సార్ నా మీద విరుచుకుపడ్డారు, ఫిల్టర్లోంచి మట్టి దిగిపోతోందని. నేను కిందికి పరిగెత్తాను."

"మట్టి తెల్లగా ఉంటుందా?"

"అదే నాకూ అర్థం కాలేదండీ. వానలకి నది టీ రంగులో ఉంది. తెల్లమట్టి నా సర్వీసులో చూళ్లేదు."

"తన ఫిల్టర్ తప్పు కప్పిపుచ్చుకోవడానికి రంగు మారుస్తున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తెలుపైతే ఏంటి, గోధుమైతే ఏంటి? పటిక వేశారు, ఏదో వచ్చింది, కిందికి దిగింది. పద ముందుకి."

డిటెక్టివ్ కుర్చీ స్టోర్ కీపర్ వైపు తిప్పాడు. "మీరూ అప్పుడు ఇక్కడే ఉన్నారట."

"సంతకం కోసమండీ. మామూలు ఫైలు."

"మామూలు ఫైలు కాదు మావయ్యా" అంది మేనకోడలు, మొదటిసారి గొంతు పెంచి. "ఇసుక ఫైలు. ఫిల్టర్లలో ఉండాల్సిన ఇసుక బదులు గోడలు కట్టే ఇసుక దిగిందని నేను రాసిన రిపోర్టు. సార్ ఇవాళ మధ్యాహ్నం పైకి పంపిస్తానన్నారు. ఎందుకు ఆలస్యం చేస్తున్నారనే మొన్న అరిచాను."

"ఇసుక దింపించుకునేది ఎవరు?"

జవాబుగా గలగల ఒకసారి వినబడింది.

"అది వేరే విషయమండీ" అన్నాడు స్టోర్ కీపర్ నెమ్మదిగా. "మీరడిగింది గ్లాసు సంగతి. సార్ పటిక తిప్పారు. ముందేమీ కనబడలేదు. నాలుగైదు నిమిషాలకి నలకలు నలకలుగా వచ్చాయి. అవి ఒకదానికొకటి అంటుకుని దూదిపింజలంత అయ్యాయి, గోధుమ రంగు. పావుగంటకి అడుక్కి దిగాయి. పైన తేట మిగిలింది. సార్ తేట తాగారు."

"మీరేమీ అనలేదా?"

"'మట్టే సార్, తేరుకుంది కదా' అన్నానండీ. ఇందులో నీళ్లు నమలడానికేముంది? గ్లాసు మీ ముందే ఉంది, చూసుకోండి."

ఉంది. ప్లాస్టిక్ కవరులో సీలు వేసి, బల్ల మీద. డిటెక్టివ్ దాన్ని ఎత్తి వెలుతురుకి పట్టి ఒక్క కుదుపు కుదిపాడు. అడుగున ఉన్న గోధుమరంగు పింజలు బద్ధకంగా లేచి, గ్లాసంతా తిరిగి, మళ్లీ సావకాశంగా దిగడం మొదలుపెట్టాయి. స్టోర్ కీపర్ చెప్పింది అక్షరం పొల్లు పోలేదు.

"ఇక నోరు మూస్తావా బావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గడియారం మూడూ ముప్ఫై రెండు.

గదిలో గాలి అట్టకట్టినట్టుంది. డిటెక్టివ్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒకరు పాలంటారు, ఒకరు పింజలంటారు. గ్లాసు పింజల పక్షం. ఆయన గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ ఒక గుండ్రటి మీటరు, దాని కాగితం మీద సన్నటి పెన్ను నిదానంగా గీత గీస్తోంది. ఫిల్టర్ దాటి వచ్చే నీళ్లలో మట్టి ఎంతుందో రాత్రింబవళ్లు రాసే పెన్ను అది. నిన్న సాయంత్రం జాడీ నింపిన గంట దగ్గర వేలు పెట్టి, అక్కణ్నుంచి ఇవాళ పొద్దున దాకా లాక్కొచ్చాడు. గీత బల్లపరుపుగా ఉంది. ఎక్కడా గుటక కూడా వేయలేదు.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని జాడీ అడుగు చూశాడు. కుళాయి కంటే కింద, గాజు మూలల్లో, ముఖానికి రాసుకునే పౌడరు పలచగా అద్దినట్టు తెల్లటి పొర.

ఆయన అలాగే కూర్చుని అడిగాడు, "అమ్మాయ్, మీ సార్ పటిక గురించి చదువుకున్న మనిషేనా?"

"పంపుల మీద పైకొచ్చిన మనిషి మావయ్యా. రసాయనాలంటే ఆయనకి పటికొక్కటే."

"అయితే నాకు చెప్పు. మీ మావయ్యకి కాదు, మీ ఇన్‌స్పెక్టర్ బాబాయికి అర్థమయ్యేలా చెప్పు. అంటే మరీ తేలిగ్గా. పటిక వేస్తే నీళ్లలో ఏమవుతుంది?"

ఆమె ఇన్‌స్పెక్టర్ వంక చూసి, వద్దనకపోయేసరికి మొదలుపెట్టింది. "నది నీళ్లలో మట్టి రేణువులు ముందే ఉంటాయి. కంటికి ఆననంత సన్నం. వాటికి ఒకే రకం విద్యుత్తు అంటుకుని ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటూ రోజుల తరబడి తేలుతుంటాయి. పటిక ఆ విద్యుత్తుని చల్లారుస్తుంది. ఇక తోసుకోవు, అంటుకుంటాయి, నెమ్మదిగా పింజలు కడతాయి. దాన్ని స్కందనం అంటాం. గడ్డకట్టడం అన్నమాట."

"అంటే గుంపు కూడటం. గుంపు కూడాలంటే ముందు జనం ఉండాలి."

"అవును. కొంత సేపూ పట్టాలి."

"మీటరు ప్రకారం జాడీలో జనం లేరు. మరి గుంపు ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ మెడ రుద్దుకున్నాడు. "మీటరు చెడిపోయి ఉండొచ్చు."

"ఉండొచ్చు. పదకొండుంబావు తర్వాత ఈ గదిలో ఎవరున్నారు?"

"అంబులెన్స్ పదకొండూ ఇరవై ఐదుకి వచ్చింది. స్ట్రెచర్ వెంట ఈ అమ్మాయీ ఆపరేటరూ గేటు దాకా వెళ్లారు. నేను పదకొండూ నలభైకి దిగాను. అందర్నీ ఈ గదిలోకి తోలి తాళం వేశాను."

"మధ్యలో పదిహేను నిమిషాలు?"

"నేనున్నాను" అన్నాడు స్టోర్ కీపర్. "తాళాలు వేయడం నా డ్యూటీ కదండీ."

"బయట వరండాలో వరసగా మూడు కుళాయిలు చూశాను. మధ్యది దేనిది?"

జవాబు ఆపరేటర్ చెప్పాడు. "పటిక కలిపిన నది నీళ్లదండీ. పరీక్షకి పట్టుకోవడానికి. తిప్పితే పింజలతోనే వస్తాయి."

స్టోర్ కీపర్ ముఖం మీద చెమట ధారకట్టింది. మూడూ యాభై. తలుపు మీద దబదబ. "బావగారూ, దొరికింది! ఈసారి ఒత్తు లేనిదే తెచ్చాను!"

ఇన్‌స్పెక్టర్ తలుపు జానెడు తెరిచి, పటిక ముక్క అందుకుని, మళ్లీ తాళం వేసి, ముక్కని బావ చేతిలో పెట్టాడు. "ఇంకో పది నిమిషాలు ఆడుకో. నా గొంతు ఎండిపోయింది." అల్మారాలోంచి ఒక గ్లాసు తీసి జాడీ కుళాయి కింద పెట్టాడు. నీళ్లలో విషం లేదని పరీక్షలో తేలిపోయిందయ్యె! గ్లాసు నిండింది. ఎంత చెడ్డా మర్యాదస్తుడు, ముందు పక్కవాళ్లని అడిగాడు. "మీరు తీసుకోండి, చెమటతో తడిసిపోతున్నారు."

"వద్దండీ" అన్నాడు స్టోర్ కీపర్. "దాహంగా లేదు."

మీసాలు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేసి గ్లాసు ఎత్తాడు. డిటెక్టివ్ నీళ్లకేసి చూడలేదు, స్టోర్ కీపర్ కళ్లకేసి చూశాడు. ఆ కళ్లు గ్లాసుతోపాటు పైకి లేచాయి. పెదవి దాకా వెళ్లాయి. నోరు మాత్రం పెగల్లేదు.

చటుక్కున డిటెక్టివ్ బావమరిది మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, పటిక ముక్కని గ్లాసులో ముంచాడు.

తిప్పలేదు కూడా. ముక్క తాకిన చోటనే తెల్లటి పొగ పుట్టి, మెలికలు తిరిగి, ఒక్క ఊపిరి పీల్చేలోపల గ్లాసంతా పాలయింది. ఇన్‌స్పెక్టర్ చేయి గాల్లోనే ఆగిపోయింది. నీళ్లు తెల్లబోయాయి, మనిషీ తెల్లబోయాడు.

"అదేనండీ!" అరిచాడు ఆపరేటర్. "పొద్దున ఇదేనండీ!"

"ఇది గుంపు కాదు" అంది మేనకోడలు. లేచి నిలబడింది. "ఇది అవక్షేపం. నీళ్లలో బేరియం కరిగిపోయి ఉంది, ఎంత పరీక్షగా చూసినా కనబడదు. పటికలో సల్ఫేటు ఉంది, అదీ కరిగేదే. రెండూ కలిశాయో లేదో, కరగని తెల్లటి పొడి కొత్తగా పుడుతుంది. ముందు లేని వస్తువు. అందుకే సేపు అక్కర్లేదు."

"తేటతెల్లం అంటే ఇదేనోయ్" అన్నాడు డిటెక్టివ్, గ్లాసుని మెల్లగా బావమరిది చేతిలోంచి విడిపించి బల్ల మీద పెడుతూ. "అందరూ వినండి, ఒకే పొరపాటు ముగ్గురు చేశారు. మొదటివాడు సూపరింటెండెంట్. పటిక వేస్తే వచ్చేది మట్టే అని పదేళ్లుగా నమ్మిన మనిషి. పొడి పుట్టిందనుకోలేదు, మట్టి గడ్డకట్టిందనుకున్నాడు. అది దిగేదాకా ఆగి పైన తేట తాగాడు. ఆ చిన్న ముక్క పట్టింది కొంతే, మిగిలిన బేరియం ఆ తేటలోనే ఉంది. ఆస్పత్రిలో డాక్టర్ పోస్తున్న విరుగుడు కూడా సల్ఫేటు ఉప్పే. ఈ గ్లాసులో జరిగిందే ఆయన కడుపులో చేయిస్తున్నారు."

"రెండోవాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈయన. నిన్న రాత్రి మారు చెవులతో బీరువా తెరిచాడు, ఈ గదీ తెరిచాడు, సీసాలోది జాడీలో కలిపాడు. శుద్ధి చేసిన నీళ్లలో మిగిలే పిసరంత సల్ఫేటు తెల్లవారేసరికి అడుగున పౌడరు అద్దింది. కింద చూడు. పొద్దున గ్లాసు పాలయ్యేసరికి ఈయన గుండె ఆగినంత పనైంది. 'మట్టే సార్' అని తనే సర్దిచెప్పాడు. అందరూ గేటుకి వెళ్లగానే గ్లాసు కడిగేసి, మధ్య కుళాయి తిప్పి పింజలు పట్టాడు. విషం గ్లాసులోంచి మాయమై కాఫీలోకి దూకింది, రిపోర్టు రాసిన అమ్మాయి మెడకి చుట్టుకుంది. ఇరవై ఏళ్లు పటిక బస్తాలు మోయించినా ఈయనకి తెలిసిన పటిక పని ఒక్కటే, పింజలు కట్టడం. అందుకే వాంగ్మూలం కూడా పింజల్లోనే చెప్పాడు. జాడీ ఖాళీ చేసేలోపల నువ్వొచ్చి తాళం వేశావు. పొద్దుట్నుంచి తన విషం పక్కనే తను ఇరుక్కుపోయి, బాత్రూం కుళాయి నీళ్లు తాగుతున్నాడు."

"మూడో..." అనబోయి ఇన్‌స్పెక్టర్ ఆపేశాడు. ఎవరో తెలిసిపోయింది.

అప్పుడే గలగలమని పెద్ద చప్పుడు. స్టోర్ కీపర్ తలుపు మీద పడ్డాడు. నడుము గుత్తిలోంచి ఒక చెవి దూర్చాడు, పట్టలేదు. ఇంకొకటి. ఇంకొకటి. ఆవరణలో ప్రతి తాళానికీ మారు చెవి ఉన్న మనిషి, పోలీసులు తెచ్చి వేసిన ఒక్క తాళం ముందు చెవులన్నీ వాయించి, చివరికి తలుపుకే నుదురు ఆనించాడు. ఆపరేటర్ ఒక్క అంగలో వెళ్లి వెనకనుంచి ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. ఇప్పుడు పూర్తి ఆరడుగులూ ఉన్నాడు.

కింద జీపు హారన్ మోగింది. సరిగ్గా నాలుగు. మేనకోడలు కూర్చుందామనుకుని, స్టూలు ఎక్కడుందో మర్చిపోయి, మావయ్య భుజం పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చెవి తీశాడు గానీ తలుపు వైపు కదలక గ్లాసు వంకే చూస్తున్నాడు. బల్ల మీద గ్లాసులో తెల్లటి పొడి నెమ్మదిగా అడుక్కి దిగుతోంది, పైన తేట ఏర్పడుతోంది. చూస్తే ఎవరికైనా దాహం వేసేంత తేట.

"బావా... నేను తాగేసేవాణ్ని."

"అదే ఆలోచిస్తున్నానోయ్" అన్నాడు డిటెక్టివ్. "మీ అక్కకి ఏం చెప్పేవాణ్నా అని. ముందు ఆ తలుపు తియ్యి."